నాగా లేని మనిషి

మా కాలనీలో ఎవరికైనా పెద్ద జబ్బు అని తేలితే, చూడ్డానికి వచ్చినవాళ్లు మొదట అడిగేది "ఎట్లున్నది?" అని కాదు. "బోర్డుకు పెట్టుకున్నరా?" అని. బయటివాళ్లకు ఇది రాక్షసత్వంలా వినిపిస్తుంది. మాకు మర్యాద. గోదావరిఖనిలో బొగ్గుబాయి దిగే మనిషి ఇక పనికి రాడని మెడికల్ బోర్డు రాసిస్తే, అతని కొడుక్కి ఉద్యోగం వస్తుంది. దాన్నే అన్‌ఫిట్ అంటాం. వేరే ఊళ్లలో తిట్టుగా చెల్లే మాట మా దగ్గర పెళ్లి సంబంధాల్లో అర్హత. "పిలగాని బాపు అన్‌ఫిట్ అయిండా?" అని పెళ్లిళ్ల పేరయ్య అడగడం నేను చెవులారా విన్నాను. అయితే పిల్లనిస్తారు. తండ్రి గట్టిగా ఉన్నాడంటే కొంచెం ఆలోచిస్తారు.

నేను ఇంజనీరింగ్ చదివాను. ఆ తర్వాత హైదరాబాద్‌లో రెండేళ్లు కోచింగ్ తీసుకున్నాను. నేను అవసరం లేదనే విషయంలో పరీక్షలన్నీ ఒకే మాట మీద నిలబడటంతో తిరిగి క్వార్టరుకు వచ్చేశాను. అప్పటినుంచి నా పని వరండాలో కూర్చోవడం. బాపు పని బాయి దిగడం. బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టడం, ఇనుప బోల్టులు బిగించడం ఆయన డ్యూటీ.

వరండాలో కూర్చోవడం వల్ల ఒక విషయం గమనించాను. మా గేటు నుంచి మెట్టు దాకా పది అడుగులు ఉండవు. డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు ఆ పది అడుగుల్లో బాపు రెండుసార్లు ఆగి జామచెట్టును చూసేవాడు. ఆ జామచెట్టులో చూడ్డానికేమీ లేదు. కాయ కూడా కాయదు. ఊపిరి అందక ఆగుతున్నాడని ఒప్పుకోవడం కంటే చెట్టును మెచ్చుకోవడం ఆయనకు తేలిక.

"బాపూ, సిక్ లీవు పెట్టుకోరాదా? దవాఖాన్ల చూపెట్టుకుంటే కాగితం మీదికన్న ఎక్కుతది," అన్నాను ఒకరోజు.

"నాకేమైందిరా? గ్యాంగు ఉన్నది నాకు."

"నీ ఊపిరి గ్యాంగు పీలుస్తదా?"

"తిన్నది అరుగకపోతే గట్లనే మాటలొస్తయి," అన్నాడు మా అవ్వ వైపు, అంటే అమ్మ వైపు చూస్తూ. "వీనికి రేపటిసంది ఒక పూటనే పెట్టు."

గ్యాంగు అంటే నలుగురు. బాపు కాక మిగతా ముగ్గుర్నీ నేను వరసలు పెట్టి పిలుస్తాను. మా పక్క క్వార్టర్లో ఉండే కాక బాపు ఊరివాడే, ఒకే రోజు ఇద్దరూ కొలువులో చేరారు. మందమర్రి నుంచి బదిలీ మీద వచ్చినాయన మామ. నలుగురిలో చిన్నవాడు అన్న. ఈ ముగ్గురూ కలిసి ఏం చేస్తున్నారో కాకే నాకు చెప్పాడు, మా రెండు ఇళ్ల మధ్య గోడ మీద మోచేతులు ఆనించుకుని, ఎండల గురించి చెబుతున్నట్టుగా.

రెండేళ్లుగా బాపు దిమ్మె ఎత్తలేదట. గాలి బాగా వచ్చే చోట నిలబెట్టి, చేతికో ఇనుప కడ్డీ ఇచ్చి, కప్పును కొట్టి శబ్దం వినమనేవారట. ఎక్కడ బండ వదులైందో శబ్దాన్ని బట్టి తెలుస్తుంది. "మీ బాపు చెవి మా ఎవలికీ లేదురా," అన్నాడు కాక. నిజమే కావచ్చు. కానీ ఒక మనిషి చెవి పని చేస్తుంటే ముగ్గురి నడుములు నాలుగో నడుము పని కూడా చేస్తున్నాయి. షిఫ్టు అయ్యాక ఏటవాలు దారిలో పైకి నడవాలి. అక్కడ మామ బూటు లేసు ఊడేది. ప్రతి ఇరవై అడుగులకూ ఊడేది. మామ కూర్చుని తీరిగ్గా కట్టుకునేవాడు, మిగతావాళ్లు ఆయన్ని తిడుతూ నిలబడేవారు, ఆ సందులో బాపు ఊపిరి కూడదీసుకునేవాడు. రెండేళ్లపాటు రోజూ ఊడే లేసు ఏ కంపెనీ తయారు చేయదు.

"బాపుకు తెలుసా కాకా?"

"ఏం తెలుసుడు? తెలిసినట్టు ఉండడు, తెల్వనట్టు ఉండడు. నువ్వు నోరు మూసుకుంటే అందరం మంచిగుంటం."

నేను నోరు మూసుకోవడానికి ప్రసిద్ధుణ్ణి కాను గానీ అప్పుడు మూసుకున్నాను.

ఆ మంచితనం లోపల ఉన్న మెలిక బోర్డు తేదీ వచ్చేదాకా నా బుర్రకు ఎక్కలేదు.

నా పోరు పడలేక బాపు సంతకం పెట్టిన దరఖాస్తుకు బోర్డు పిలుపు వచ్చిందని తెలియగానే కాలనీ మొత్తం డాక్టరైపోయింది. నల్లా దగ్గర ఆడవాళ్లు అవ్వకు చెప్పారు, పాత ఎక్స్‌రేలు తీసుకుపొమ్మని. బస్టాండు పక్కన చాయ్ హోటల్లో బోర్డుకు పోయి వచ్చిన అనుభవజ్ఞులు కూర్చుంటారు. వాళ్లు నాకు చెప్పారు, గడ్డం గీయించొద్దు, ఇస్త్రీ చొక్కా వేయొద్దు, మెట్లెక్కించి తీసుకుపో అని. మాలాంటి కొడుకులకు వాట్సాప్‌లో ఒక గ్రూపు కూడా ఉంది. పొద్దున్నే తామర పువ్వు బొమ్మతో శుభోదయం, ఆ వెంటనే "ఎవరి బాపు అయిండు నిన్న?" అని ప్రశ్న. ఆ గ్రూపులో నేను నేర్చుకున్న వైద్యమంత ఇంజనీరింగ్ నా పుస్తకాల్లో కూడా నేర్చుకోలేదు.

బాపు పొద్దున్నే లేచి నున్నగా గడ్డం గీయించుకుని, తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు.

"గదేందే? పెండ్లికి పోతున్నవా?" అంది అవ్వ.

"పెద్ద పెద్ద డాక్టర్లుంటరు. పిచ్చోని లెక్క పోవాల్నా?"

దవాఖాన వరండాలో వరసగా కూర్చున్న వాళ్లందరూ దగ్గుతున్నారు. కొందరు బాగా దగ్గుతున్నారు, కొందరు ఇంకా నేర్చుకుంటున్నారు. ఆ వరసలో నిజంగా దగ్గు ఉన్న ఒక్క మనిషి మాత్రం చొక్కా నలగకుండా నిటారుగా కూర్చుని, దగ్గు వచ్చినప్పుడల్లా సీసాలోంచి గుక్కెడు నీళ్లు తాగి లోపలికి నెట్టుకున్నాడు. నలుగురిలో దగ్గడం ఆయనకు మొహమాటం.

లోపల ఏం జరిగిందో బాపే చెప్పాడు. ఎట్లుంది పెద్దాయనా అని డాక్టరు అడిగితే, "మంచిగనే ఉన్న సార్, మీ దయ," అన్నాడట. ముప్పై ఏళ్లుగా, దిగే ముందు దీపాలు తీసుకునే లాంప్‌రూమ్ దగ్గర సర్దార్, అంటే పని చూసే మేస్త్రీ, అదే అడిగేవాడు, బాపు అదే చెప్పేవాడు. మంచిగా లేనని అంటే ఆ రోజు కిందికి పంపరు. నోటికి అదొక్కటే జవాబు అలవాటైంది. గొట్టం ఇచ్చి ఊదమంటే ఎవరో పందెం కాసినట్టు ఊదాడట. బయటికి వచ్చి బస్టాప్ బల్ల మీద చాలాసేపు తల వంచుకుని కూర్చున్నాడు. ఆ ఊదుడు తాలూకు ఊపిరి ఇంకా తిరిగి రాలేదు.

ఎక్స్‌రేలో మరకలు ఉన్నాయి, ఈ వయసులో చాలామందికి ఉంటాయన్నారు. మిగతాది రికార్డు చెప్పింది. రెండేళ్లలో ఒక్క సిక్ లేదు. ఒక్క నాగా లేదు. ఏ పనైనా చేయలేనని ఏ రోజూ ఎక్కడా రాసి లేదు. కాగితం మీద ఆ మనిషి పహిల్వాన్. నేను డాక్టరు కుర్చీలో ఉన్నా ఫిట్ అనే రాసేవాణ్ణి.

ఫిట్ అన్న కబురు గ్రూపులో పెడితే ఏడుపు బొమ్మలు వచ్చాయి. బాపు మర్నాడు డ్యూటీకి పోయాడు.

మరో బోర్డు దాకా కొన్ని నెలలు ఉన్నాయి. అదీ దాటితే రిటైర్మెంట్ దగ్గరపడుతుంది, ఆ తర్వాత అన్‌ఫిట్‌కు దరఖాస్తు చెల్లదు. రిటైర్మెంట్ దాకా ఆ ఏటవాలు ఎక్కుతూ పోతే బాపు మిగలడని నాకు తెలుస్తూనే ఉంది. సిక్ పెట్టమంటే గ్యాంగు ఉన్నదంటాడు. గ్యాంగు ఉన్నంతకాలం ఆయన జబ్బు ఎవరికీ కనపడదు, ఆయనకు కూడా. నేను చాలా తెలివైనవాణ్ణి కాబట్టి లెక్క తేలిగ్గా తేలింది. ఒక మధ్యాహ్నం మొదటి షిఫ్టు దిగే వేళకు బాయి గేటు ముందున్న చాయ్ బండి దగ్గరికి వెళ్లాను.

"ఏందిరా, ఇటొచ్చినవ్? మీ బాపు ఇప్పుడే బస్సెక్కిండు," అన్నాడు కాక.

"మీతోనే పనుంది కాకా."

"మాతోని పనా?" అంటూ అన్న నవ్వాడు. "మాకే పనుంటదో ఉండదో తెలుస్తలేదు తమ్మీ. ఈ బాయి మూస్తమంటున్నరు."

"బాపును మోసుడు బంద్ చేయుండ్రి," అన్నాను.

మామ చాయ్ గ్లాసును బల్ల మీద పెట్టాడు.

"మోసుడేందిరా? ఆయనేమన్న బొగ్గు టబ్బా?"

"లేసు సంగతి నాకు తెలుసు మామా."

మామ తన బూట్ల వైపు చూసుకున్నాడు. కాక నా వైపు చూశాడు.

"మీరు మోసినన్ని రోజులు ఆయన పేరు మీద నాగా పడదు. నాగా పడకపోతే, సిక్ ఎక్కకపోతే, బోర్డు మళ్ల ఫిట్ అంటది. ఇంక ఒక్క బోర్డే ఉన్నది. ఒక వారం మీరు ఆయన పని ఆయనకు ఇడిసిపెట్టుండ్రి. తనతోని కాదని ఆయనకే తెలుస్తది. దవాఖానకు పోతడు."

"పోకుంటే?" అన్నాడు అన్న.

"పోతడు."

"నౌకరి నీకు గావాలె గని, మీ బాపు పాణం పేరు చెప్తున్నవ్," అన్నాడు కాక.

"రెండూ అనుకో కాకా."

అది నిజం. అందులో ఏది ఎంత అన్నది అప్పుడూ తేల్చుకోలేదు, ఇప్పుడూ తేలలేదు.

"ఆయనకు చెప్పి చేద్దాం మరి," అన్నాడు మామ.

"చెప్తే వింటడా? ఇంకో గ్యాంగుల కలుస్తడు. వాళ్లు లేసు కూడ కట్టుకోరు."

వాదన బలంగా ఉంది. నా వాదనలు ఎప్పుడూ బలంగానే ఉంటాయి, ఇంటర్వ్యూల్లో తప్ప. చివరికి మామ వేళ్లు లెక్కపెట్టుకుని, "ఒక్క వారం. అంతకన్న నాతోని కాదు," అన్నాడు. కాక చాయ్ తాగలేదు. లేచి పోతూ, "ఇంకేదన్న అడగకపోతివిరా," అన్నాడు.

మొదటి రోజు బాపు గేటు దగ్గరే జామచెట్టును చూడటం మొదలుపెట్టాడు. అన్నం ముందు కూర్చుని, "ఇయ్యాల మామ బూటు మంచిగున్నది. ఎక్కడా ఆగలేదు," అన్నాడు, ఏదో వింత చెప్పినట్టు. రెండో రోజు, "దిమ్మె ఒక కొస పట్టమన్నరు. పట్టిన," అన్నాడు. అన్నం కలపలేక చెంచా అడిగాడు.

మూడో రోజు అవ్వతో చెబుతుంటే విన్నాను.

"నేనేమన్న అన్ననా వాళ్లను?"

"ఏమన్నరు?"

"ఏం అనలేదు. గదే. ఎవడూ మాట్లాడుతలేడు. నేను ఎనుకబడి వస్తుంటె ముగ్గురు ముందల పోతున్నరు. ఎనుకకు సూస్తలేరు."

వాళ్లు వెనక్కి చూస్తే ఆగిపోతామని భయపడి చూడలేదని తర్వాత అన్న నాకు చెప్పాడు. అప్పటికి నాకు తెలిసింది ఒక్కటే, బాపు నేను అనుకున్నట్టు "నాతోని కాదు" అనుకోవడం లేదు. "నామీద కోపం వచ్చింది" అనుకుంటున్నాడు. తన ఊపిరితిత్తులను కాక తన నోటిని అనుమానిస్తున్నాడు. నా లెక్కలో ఆ వరస అసలు లేదు.

నాలుగో రోజు అవ్వను పొద్దున్నే లేపి గారెలు చేయించాడు. పెద్ద టిఫిన్ గిన్నెలో నలుగురికీ సరిపడా సర్దుకుని పోయాడు. సాయంత్రం ఆ గిన్నె అలాగే తిరిగి వచ్చింది. మూత కూడా సరిగ్గా తీయలేదు.

"కడుపుల మంచిగ లేదన్నరు," అన్నాడు బాపు.

"ఎవరికి?" అంది అవ్వ.

"ముగ్గురికి."

నేను జోకు వేయాల్సిన చోటు అది. ముగ్గురు మగవాళ్లకు ఒకే రోజు, ఒకే బాయిలో, ఒకే గారెల ఎదుట కడుపు చెడింది. ఇంతకంటే తేలిక బంతి నాకు జీవితంలో ఎవరూ వేయలేదు. నేను లేచి ఒక గారె తిన్నాను. ఇంకొకటి తిన్నాను. అప్పుడు చెప్పి ఉండాల్సింది. గోడ అవతల కాక ఉన్నాడు, ఒక కేక వేస్తే చాలు. ఇంకా మూడు రోజులే కదా అనుకున్నాను.

ఆరో రోజు ఏటవాలు సగం ఎక్కి బాపు కూర్చున్నాడు. మళ్లీ లేవలేకపోయాడు. ముందు నడుస్తున్న ముగ్గురికీ వెనక అడుగుల చప్పుడు ఆగిపోవడం వినిపించింది. స్ట్రెచర్ వచ్చాక ముందు కొస కాకే పట్టాడట. పైకి వచ్చేదాకా వేరేవాళ్లకు ఇవ్వలేదట.

దవాఖానలో డాక్టరు కొత్త ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూసి, "ఈయన ఇన్ని రోజులు ఎట్ల దిగిండు?" అని అడిగాడు. మేమంతా అక్కడే ఉన్నాం. ముందే దెబ్బతిని ఉన్న ఊపిరితిత్తులు ఆ ఆరు రోజుల మోత వల్ల మరింత దెబ్బతిన్నాయా అని నేను అడగలేదు. అడిగితే ఆయన చెప్పేవాడు.

మర్నాడు బాపు పేరు ఎదుట మొదటి నాగా పడింది. నల్లా దగ్గర అవ్వతో ఒకామె, "ఇగ కాగితం బలంగైతది వదినే," అందట. ఆమె చెడ్డది కాదు. మూడు రోజులు మాకు అన్నం వండి పంపింది ఆమే.

రెండో బోర్డుకు బాపును చక్రాల కుర్చీలో తీసుకుపోయాం. ఎట్లుంది అని అడిగితే అదే పాత జవాబు చెప్పబోయాడు, కానీ "మంచి" దగ్గరే ఊపిరి అయిపోయింది. అన్‌ఫిట్ అని రాశారు. గ్రూపులో పూలదండలు, బాణాసంచా, "కంగ్రాట్స్ బ్రో". ఇంటికి వచ్చినవాళ్లు ముందు నా చేయి పట్టుకుని ఊపారు, తర్వాత ముక్కులో గొట్టం పెట్టుకుని పడుకున్న బాపు పక్కన ఆపిల్ పండ్లు పెట్టారు. ఎవరో లడ్డూలు కూడా తెచ్చారు. బాపు అందరికీ దండం పెట్టాడు. పెడుతూ తలుపు వైపు చూశాడు. కాలనీ అంతా వచ్చింది. ఆ ముగ్గురు రాలేదు.

ఇప్పటికీ రాలేదు. కాక భార్య గోడ మీదుగా కూర గిన్నె ఇస్తూనే ఉంది. కాక మాత్రం వెనక తలుపులోంచి డ్యూటీకి పోతున్నాడు. ఆయన బండి స్టార్టయిన చప్పుడు వినిపిస్తే బాపు మాట మధ్యలో ఆపేస్తాడు.

నాకు ఉద్యోగం వచ్చింది. నా గుండె, నా ఊపిరి, నా కళ్లు అన్నీ చూసి ఫిట్ అన్నారు. బాపు దిగిన బాయిలోనే వేశారు. చేరిన వారానికి లాంప్‌రూమ్ దగ్గర కాక ఎదురయ్యాడు.

"ఎట్లున్నడు?" అన్నాడు, దీపం బెల్టుకు తగిలించుకుంటూ.

"నిన్ను అడుగుతున్నడు కాకా. నేను చెప్పేస్త. నేనే మిమ్ములను బంద్ చేయమన్ననని చెప్త. నువ్వు రా ఇంటికి."

"చెప్పకు."

"ఎందుకు?"

"ఇప్పుడు ఆయనకు పోయింది దోస్తులే గదా. నువ్వు చెప్తే కొడుకు గూడ పోతడు," అన్నాడు. "మరి నేను వస్తే, ఎందుకు కోపమొచ్చిందిరా అని అడుగుతడు. ఏం చెప్పాలె నేను? ఆయన ముంగట అబద్ధం చెప్పుడు నాకు రాదు. గందుకే వస్తలేను."

దీపం వెలిగించి చూసుకుని వరసలోకి వెళ్లిపోయాడు.

డ్యూటీ నుంచి ఇంటికి పోగానే బాపు నన్ను మంచం దగ్గరికి పిలుస్తాడు. ఆక్సిజన్ మిషన్ గురగురలాడుతూ ఉంటుంది, దాని మీదుగా మాట్లాడాలంటే ఆయనకు కష్టం. రెండు మాటలకోసారి ఆగుతాడు. పడుకుని ఆయన చేసే పని ఒకటే. ముప్పై ఏళ్లలో గ్యాంగుకు తను చేసిన తప్పులు వెతుక్కోవడం. రోజుకొకటి దొరుకుతుంది. ఒకసారి మామ వంతు సెలవు తను వాడుకున్నాడు. ఒకసారి అన్నను నలుగురిలో గాడిద అన్నాడు. కాక బిడ్డ పెళ్లికి ఆలస్యంగా పోయాడు, అప్పగింతలు అయిపోయాయి.

నిన్న కూడా ఒకటి దొరికింది.

"కాక అవ్వ సచ్చిపోయినప్పుడు... నేను మూడో దినం పోలేదురా. డ్యూటీ ఉండె. నాగా ఎందుకని... దిగిన. గదే మనసుల పెట్టుకున్నడేమో."

"అది కాదు బాపూ," అన్నాను.

బాపు తల తిప్పి నన్ను చూశాడు.

"నీకెట్ల తెలుసురా?"

బట్టలు మార్చుకొస్తానని చెప్పి నేను లోపలికి వెళ్లాను.